దర్జీ కూత

పోయిన వారం బీపీ మాత్రల కోసం మా వీధి చివర ఉన్న మందుల దుకాణానికి వెళ్లినప్పుడు, అక్కడి అబ్బాయి ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ ఒక చేత్తోనే నా మాత్రలు వెతుకుతున్నాడు. రోడ్డు వెడల్పు చేస్తారని, బజారులో ముందు వరుస దుకాణాలన్నీ పోతాయని అవతలివాళ్లు భయపెడుతున్నట్టున్నారు. ఆ అబ్బాయి నవ్వి, "గదంత దర్జీ కూత తియ్యరా, నమ్మి ఉరికితే మనమే పోతం" అని ఫోను పెట్టేశాడు.

మా ఊళ్లో ఉత్తుత్తి అలజడిని దర్జీ కూత అంటారు. బస్సులు బంద్ అని గాని, కరెంటు బిల్లు మాఫీ అని గాని ఎవరో కబురు తెచ్చి నలుగురినీ పరుగెత్తించి, చివరికి అందులో ఏమీ లేదని తేలితే ఆ మాట వస్తుంది. పొరుగూళ్ల వాళ్లకు అది అర్థం కాదు. ఆ అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవు. ఆ దర్జీని చూసి ఉండడు, ఆ కూత విని ఉండడు. అతన్ని తప్పు పట్టను. కాని మా ఆయన పోయి ఇంకా సంవత్సరీకం రాలేదు. ఆయన పోయాక తెలిసిన సంగతి ఒకటి నాలో ఇంకా కుదురుకోలేదు. అందువల్ల ఎన్నోసార్లు విన్న ఆ మాట ఆ రోజు మామూలుగా వినబడలేదు. ఇంటికి వచ్చి చాలాసేపు ఏ పనీ చేయకుండా కూర్చున్నాను.

మాది బెల్లంపల్లికీ శ్రీరాంపూర్‌కూ నడుమ ఉన్న ఒక బొగ్గు ఊరు. పేరు రాయను. నా ఈడువాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు, తక్కినవాళ్లకు పేరుతో పని లేదు. నేను పుట్టి పెరిగింది సుల్తానాబాద్ పక్కన, వరి పొలాల మధ్య. పెళ్లై ఇక్కడికి వచ్చేదాకా బొగ్గు అంటే పొయ్యిలో వేసేదనే తెలుసు గాని, అది ఊరి గాలిలో, ఆరేసిన చీర మడతల్లో, కుండలోని నీళ్ల మీద కూడా ఉంటుందని తెలియదు. పొద్దునా సాయంత్రమూ ఇంటింటి ముందు బొగ్గుల సిగిడి, అంటే కుంపటి, రాజేసేవారు. ఆ పొగ ఆ రెండు పూటలా ఊరిని కప్పేసేది. ఎదురుగా వచ్చే మనిషి దగ్గితే తప్ప ఎవరో తెలియదని మా అత్త అనేది. పొగను చూసి అక్కడ ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు.

మా మామది బజారులో బట్టల దుకాణం. బజారంటే ఒకే ఒక్క సన్నని వీధి, రెండు వైపులా కలప దూలాల మీద గూన పెంకులు కప్పిన దుకాణాలు, ఒకదాని గోడే పక్కదానికి కూడా గోడ. కిరాణా, ఇత్తడి సామాను, పరుపులు కుట్టే దూది దుకాణం, చాయ్ హోటలు, అన్నిటికీ చివర గాజుల అవ్వ గది. ఎక్కడెక్కడి నుంచో బొగ్గు పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు, ఒక్కొక్కరిది ఒక్కో యాస, అందరికీ కొనుగోలు ఆ ఒక్క వీధిలోనే. గాజుల అవ్వకు నా అన్నవాళ్లు లేరు. నడుము పడిపోయి లేవలేకపోయేది. కూర్చున్నచోటే కూర్చుని ఊళ్లో ఏ ఆడదాని చేతికి ఏ గాజు పడుతుందో చెప్పేది. మొదటిసారి నా చేయి పట్టుకుని చూసి, "వడ్లు దంచిన చెయ్యి బిడ్డా, జర పెద్దదే కావాలె" అన్నది.

మా దుకాణం అరుగు మీద ఒక దర్జీ మిషను పెట్టుకుని కూర్చునేవాడు. వయసులో మా ఆయనకంటే పెద్ద, మనిషి బాగా పొట్టి. మా ఆయన ఆరడుగుల మనిషి. దర్జీ మా ఆయనను తమ్మీ అనేవాడు, మా ఆయన ఆయనను భాయ్ అనేవాడు, నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన ఇంట్లో ఉర్దూ, అరుగు మీద తెలుగు, కోపం వస్తే రెండూ కలిసిపోయేవి. ఇద్దరూ పక్కపక్కన నడిచి వస్తుంటే గాజుల అవ్వ ఊరుకునేది కాదు.

"అగో, గజం బద్ద, జానెడు బద్ద జోడుగ వస్తున్నయి" అనేది.

"అవ్వా, గజం బద్ద ఒట్టిగ కొలుస్తది, కుట్టేది సూది. సూది ఎంతుంటదో నువ్వే చెప్పు" అనేవాడు దర్జీ అన్న.

ఆయనకొక సైకిలు ఉండేది. తన కాళ్లకు అందాలని సీటు పూర్తిగా కిందికి దించుకున్నాడు. హ్యాండిలుకు ఎప్పుడూ ఒక ఆకుపచ్చ గుడ్డసంచి వేలాడేది, కుట్టిన బట్టలు అందులోనే ఇంటింటికీ చేరేవి. మనిషి కనబడకముందే ఆ సంచి కనబడేది.

గనిని ఇక్కడ బాయి అంటారు. షిఫ్టు మారినప్పుడల్లా బాయి మీద సైరన్ కూత వచ్చేది. ఆ కూతను బట్టే అన్నం పొయ్యి మీదికి ఎక్కేది, పిల్లలు బడికి బయలుదేరేవారు. వేళ కాని వేళ కూత వస్తే మాత్రం ఒకటే అర్థం, లోపల ప్రమాదం జరిగిందని. అప్పుడు తమ మనిషి పనిలో ఉన్నా లేకున్నా ఊరంతా గేటు వైపు పరుగెత్తేది. ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది, అది నాకెవరూ ముందుగా చెప్పలేదు. ఆ కూత విని వెళ్లేవాళ్లు తాళం వేయకూడదు. ఇల్లైనా, దుకాణమైనా తలుపు బార్లా తెరిచి వెళ్లాలి. తలుపు మూస్తే లోపల చిక్కుకున్న మనిషికి దారి మూసినట్టేనని నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను పొగడటం లేదు, తీసిపారేయడమూ లేదు. ఉండేదని చెబుతున్నాను.

అది ఎండాకాలం, పెళ్లిళ్ల రోజులు. బాయి పని చేసేవాళ్లకు సెలవు దొరకడం కష్టం కాబట్టి పెళ్లి బట్టలను దుకాణమే వాళ్ల ఇంటికి తీసుకువెళ్లేది. మా మామ మంచి చీరలు, ధోవతులు, తాన్లు మూటలు గట్టి బండి మీద వేసుకుని కంపెనీ క్వార్టర్లకు వెళితే, పెళ్లివారు చాపలు పరిచేవారు, ఆ వరుసలోని ఆడవాళ్లంతా చేరి ఏరేవారు, వధువు తప్ప అందరూ మాట్లాడేవారు. అట్లా శ్రీరాంపూర్‌లో ఒక పెళ్లింటికి వెళ్లి వచ్చిన మామ, మర్నాడు మళ్లీ అటే ఇంకో ఇంటికి వెళ్లాలి గదా అని, మూటలను దుకాణానికి చేర్చకుండా మా ఇంటి ముందు గదిలో దింపించాడు. దుకాణంలో ఉండవలసిన మేలు సరుకంతా ఇంట్లో ఉంది. ఆ మర్నాడే బజారు కాలింది.

మధ్యాహ్నం దాటింది. బాయి పని చేసే నా మరిది షిఫ్టుకు వెళ్లాడు, ఇంకా తిరిగి రాలేదు. మా ఆయన దుకాణంలో ఉన్నాడు. మామ అన్నం తిని మూటల పక్కనే నడుము వాల్చాడు, అత్త మిరపకాయల తొడిమలు తీస్తోంది. మా ఇల్లు బజారు మొదట్లో, దుకాణాల వరుసకు కాస్త ఎడంగా ఉండేది. వాకిట్లో నిలబడితే ఒక వైపు బజారు వీధి, ఇంకో వైపు బాయికి వెళ్లే బాట కనిపించేవి. నేను ఆరిన బట్టలు తీస్తున్నాను. బజారు వెనక నుంచి పొగ లేస్తోంది. హోటలువాళ్లు సిగిడి అప్పుడే రాజేశారా అనుకున్నాను. ఇంతలో బజారులో నుంచి సైకిలొకటి బాణంలా వచ్చి బాయి బాట పట్టింది. ఆకుపచ్చ సంచి చూసి దర్జీ అన్న అనుకున్నాను. ముఖానికి రుమాలు చుట్టి ఉంది. ఏదో తేడాగా అనిపించింది గాని అదేమిటో తట్టలేదు. సైకిలు వెళ్లిన కొంతసేపటికి కూత మొదలైంది.

మా అత్త ఒడిలోని మిరపకాయలు నేల మీద పడిపోయాయి. "నీ మరిది బాయిల ఉన్నడే" అని మాత్రం అని, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది. మామ ఆమె వెనకే. నేను లోపలికి వెళ్లి తాళం వెతికి తెచ్చాను. పక్కింటి వదిన నా చేతిలోని తాళాన్ని చూసి, అంత పరుగులోనూ ఆగి, దాన్ని లాక్కుని వాకిట్లోకి విసిరేసింది.

"తాళమేస్తవా? నీ మరిది పైకి రావద్దా?"

నాకేమీ అర్థం కాలేదు. అర్థం కాకనే నిలబడిపోయాను, నిలబడిపోవడం వల్లనే చూశాను. బజారులో ఉన్న దుకాణదారులు, కొనడానికి వచ్చినవాళ్లు, హమాలీలు, అందరూ తలుపులు తెరిచి వదిలేసి మా వాకిలి ముందు నుంచి బాయి వైపు పరుగెత్తుతున్నారు. ఎవరి తమ్ముడో, ఎవరి కొడుకో, ఎవరి ఖాతాదారో లోపల ఉన్నాడు. వాళ్లకు ఎదురుగా బజారు మొగదల దర్జీ అన్న నిలబడి ఉన్నాడు. కూత ఇంకా వస్తూనే ఉంది. రెండు చేతులూ చాచి, వాళ్ల మీద పడుతూ, "అరే బాయి కాదు, బజార్! ఇటు రాండ్రి, ఇటు!" అని అరుస్తున్నాడు. ఆ కూతలో ఆయన గొంతు ఎవరికీ వినబడలేదు. పొట్టి మనిషి, జనంలో కనబడను కూడా లేదేమో. చివరికి వాళ్లను వదిలేసి వెనక్కి తిరిగి బజారులోకి పరుగెత్తాడు.

ఊళ్లో ఫైర్ ఇంజను లేదు. కంపెనీ నీళ్ల లారీ ఒక్కటే దిక్కు, అది బాయి గేటు దగ్గర ఉండేది. జనాన్ని, ఆ లారీని బజారుకు రప్పించడానికే ఎవరో గేటుకు వెళ్లి కూత కొట్టించారు. ఆ కూతకు ఊరంతా గేటు మీదికి పోయింది. లారీ బయటికి రావడానికి బాట లేదు. లోపలేమీ కాలేదు, మంట బజారులో అని గేటు దగ్గర ఎంత చెప్పినా ఆడవాళ్లు నమ్మలేదు. ప్రమాదం జరిగినప్పుడు కూడా కంపెనీవాళ్లు ముందు అట్లాగే చెప్పేవారు మరి. తమ మనిషి కళ్లబడేదాకా ఎవరూ కదలలేదు.

మంటలను వర్ణించే పేజీలు నేను పుస్తకాల్లో చాలా చదివాను. ఒక్కటీ నాకు నిజమనిపించలేదు, నేనూ ఆ పని చేయను. దూది దుకాణం తరువాత మా దుకాణం, ఆ తరువాత గూన వెంబడి వీధంతా పోయింది. మర్నాడు చూస్తే గోడలు మాత్రం ఉన్నాయి. గాజుల అవ్వ గదిలో గాజులు కరిగి రంగురంగుల ముద్దలై నేలకు అతుక్కున్నాయి. అవ్వ గదిలోనే ఉండిపోయింది. ఆ గది గుమ్మంలో దర్జీ అన్న కాలిన చేతులతో పడి ఉండగా తీసుకువచ్చారు.

ఊరు కొన్ని రోజులు ఏడ్చింది. తరువాత అడగడం మొదలుపెట్టింది. మంట ఎట్లా అంటుకుంది? హోటలు సిగిడి అన్నారు, కరెంటు తీగ అన్నారు, దూది దుకాణంలో బీడీ అన్నారు. ఇవేవీ ఎక్కువ కాలం నిలవలేదు, ఎందుకంటే వీటిలో తిట్టడానికి మనిషి లేడు. మనిషి కావాలి. పరామర్శకు వచ్చినవాళ్లు మా ముందు గదిలో చాప మీద కూర్చుని, మా మామ ముఖం చూడకుండా గోడ వారన పేర్చిన మూటలను చూసేవారు. శ్రీరాంపూర్ పెళ్లివారు స్వయంగా వచ్చి మూటలు తమ ఇంటికే తెచ్చారని చెప్పారు. విన్నారు, తలూపారు. వాకిలి దాటగానే, "సరిగ్గ ముందు దినమే ఎందుకు తీస్కపోయిండట?" అనుకున్నారు.

రెండో అనుమానం కూత మీద. గేటు జవాను చెప్పింది ఇంతే, ఎవరో రుమాలు చుట్టుకుని వచ్చాడు, బజార్ల మంట అన్నాడు, కూత కొట్టమన్నాడు, మనిషిని పోల్చలేదు, సైకిలు మాత్రం దర్జీది. ఆ సైకిలు జనం కాళ్ల కింద నలిగి గేటు పక్కనే దొరికింది. బజారు ఖాళీ చేయించి దోచుకోవడానికే దర్జీ కూత కొట్టించాడని, అడ్డదారిన వెనక్కి వచ్చి గల్లాలు వెతుకుతుండగా చేతులు కాలాయని కథ తయారైంది. చేతులు కాలడం ఆయన మంచితనానికి గుర్తు కావచ్చునని ఒక్కరికీ తోచలేదు.

బడి ఆవరణలో దుకాణదారులు కూర్చుని ఆయనను పిలిపించారు. నేను ఆడవాళ్ల వైపు నిలబడి ఉన్నాను. కొత్త కోడలు పదిమందిలో నోరు తెరిచే రోజులు కావవి, అయినా తెరిచాను. కూత వస్తుండగానే దర్జీ అన్న బజారు మొదట్లో నిలబడి అందరినీ ఆపుతున్నాడని, నా కళ్లతో చూశానని, గేటు దగ్గర ఉన్న మనిషి అదే సమయానికి ఇక్కడ ఎట్లా ఉంటాడని అడిగాను. మా అత్త నా మోచేయి పట్టుకుంది. మా ఆయన తల వంచుకుని నేల చూస్తున్నాడు. ఎవరో వెనక నుంచి, "మూటలోళ్ల కోడలు సాక్ష్యం!" అన్నారు, కొందరు నవ్వారు.

అప్పుడు దర్జీ అన్న గుడ్డలు చుట్టిన చేతులను ఒళ్లో పెట్టుకుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"మా చెల్లె కొత్తగ వచ్చింది. ఊరోళ్లను ఇంకా గుర్తుపట్టది. ఆమె చూసింది నన్ను కాదు."

తన పక్షాన దొరికిన ఒక్క సాక్ష్యాన్ని ఆయనే తోసేశాడు. అది నాకు అవమానమైంది, అంతకంటే ఎక్కువగా అనుమానమైంది. నిర్దోషి అట్లా ఎందుకు చేస్తాడు? నేను చూసింది ఆయననే, అందులో సందేహం లేదు. మరి ఆయన నన్ను అబద్ధాలదాన్ని చేశాడంటే, నిజం ఇంకా చెడ్డదై ఉండాలి. ఆ రోజు నుంచి నేనూ ఊరితో చేరాను. బయటికి అనలేదు గాని చాలా ఏళ్లు అట్లాగే అనుకున్నాను.

ఆయన భార్యాపిల్లలతో ఆదిలాబాద్ వెళ్లిపోయాడు. చేతులు ముడుచుకుపోవడంతో మళ్లీ మిషను ముందు కూర్చోలేదు. మా మూటల సంగతి ఇంకోలా అయింది. కాలని బట్టను మా ఊళ్లో ఒక్కరూ కొనలేదు. పెళ్లిళ్లకు మంచిర్యాల దాకా వెళ్లారు గాని మా గడప తొక్కలేదు. చివరికి ఆ మూటలు ఆదిలాబాద్ చేరాయి. దర్జీ అన్న వాటిని అక్కడి సంతల్లో, మరాఠీ మాట్లాడే పల్లెల్లో అమ్మాడు, వాళ్లకు మా ఊరి కథ తెలియదు. ఆ సంగతి మా ఊరికి తెలిసి, "చూసిన్రా, ఇద్దరూ ఒకటే" అన్నారు. మామ ఆ మాట వింటూనే ముసలివాడై పోయాడు. మా ఆయన తరువాత చిన్న దుకాణం పెట్టాడు, సరుకు కోసమని ఆదిలాబాద్ వెళ్లి వస్తుండేవాడు. తిరిగి వచ్చిన రోజు ఎక్కువ మాట్లాడేవాడు కాదు. దర్జీ అన్న ఎట్లున్నాడని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఒకసారి మా అమ్మాయికి సైకిలు కొన్నాం. చిన్న సైకిలు, సీటు కిందికి ఉంది. ఎట్లా తొక్కాలో చూపించమని అది మారాం చేస్తే మా ఆయన ఎక్కి వాకిట్లో ఒక చుట్టు తిరిగాడు. పొడుగు మనిషి, తొక్కుతుంటే మోకాళ్లు పైకి లేచి హ్యాండిలుకు తగులుతున్నాయి, తప్పించుకోవడానికి వాటిని పక్కలకు తెరిచి తొక్కుతున్నాడు. నేను చాట పట్టుకుని గడపలో ఉన్నాను. ఆ రోజు బాయి బాట పట్టిన సైకిలు మీద నాకు కనిపించిన తేడా ఏమిటో అప్పుడు తెలిసింది. మోకాళ్లు. ఆ సైకిలు ఆ మనిషిది కాదు.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. నేను ఎక్కడ చూస్తున్నానో చూశాడు. సైకిలు దిగి, అమ్మాయికి అప్పగించి, లోపలికి వెళ్లాడు. మళ్లీ ఎన్నడూ సైకిలెక్కలేదు. ఆ సాయంత్రం అడిగాను, ఆ రోజు నువ్వెక్కడున్నావని. "తమ్ముని కోసం బాయి కాడికి ఉరికిన, అందరి లెక్కనే" అన్నాడు. మంచి మనిషి, నా మీద ఎన్నడూ గొంతెత్తలేదు, ఆకలి తెలియనివ్వలేదు. కాని ఆ తరువాత మేము కలిసి బతికిన కాలమంతా మా మధ్య ఒక సైకిలు ఉండేది. ఆయన చెబుతాడేమోనని నేను, నేను మళ్లీ అడుగుతానేమోనని ఆయన. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని మందు తాగిస్తుంటే ఒకసారి పెదవులు కదిపాడు. నేను వంగాను. నీళ్లు అడిగాడు.

దినాలు అయిపోయిన తరువాత దర్జీ అన్న వచ్చాడు, మనుమడి భుజం పట్టుకుని. ఇంకా పొట్టివాడైపోయాడు. మనుమణ్ని బయట కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి వచ్చి నేల మీద కూర్చోబోతే వద్దని మంచం మీద కూర్చోబెట్టాను.

"ఎట్లున్నవ్ చెల్లె అని అడుగుత లేను. ఎట్లుంటవో ఎరుకే" అన్నాడు.

చాయ్ ఇస్తూ చక్కెర వేయలేదన్నాను. "షుగర్ ఉన్నది గని, ఇయ్యాల ఎయ్యి. తమ్మి తోని తాగినట్టుంటది" అన్నాడు. గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకున్నాడు, వేళ్లు కదలవు. ఆ చేతులు చూస్తూ నేను ఇక ఆగలేకపోయాను. అన్నా, ఆ సైకిలు తొక్కింది ఎవరు అని అడిగాను.

ఆయన నవ్వాడు. "గిన్నేండ్లకు అడిగినవా? ఎప్పుడో అడుగుతవనుకున్న. నీ చెల్లె నా మోకాళ్లు చూసింది భాయ్ అని తమ్మి అప్పుడే వచ్చి చెప్పిండు. ఆ దినం అన్నం తినలే ఆయన."

చాయ్ ఒక గుక్క తాగి మళ్లీ చెప్పాడు.

"సైకిల్ నాదే. తొక్కింది తమ్మి. తొక్కుమన్నది నేను. అవ్వ లోపల ఉన్నది, నేను అవ్వ కాడికి పోత, నీయి పొడుగు కాళ్లు, నువ్వు బాయి కాడికి పో, కూత కొట్టియ్యి, జనం వస్తరు అన్న. జనం ఎటు పోతరో అప్పుడు ఇద్దరికీ తట్టలే. గీ ఊర్ల పుట్టినోళ్లమే గద, అయినా తట్టలే."

మరి బడి దగ్గర నన్నెందుకు అబద్ధాలదాన్ని చేశావన్నాను.

"నీ మాట నమ్మితే, మరి సైకిల్ మీద ఎవలు అని అడుగుతరు గద చెల్లె. మీ మీద అప్పటికే మూటలు ఉండె. వాటి మీద కూత గూడ పడితే మీ ఇల్లు నిలువకపోవు. నా మీద ఒక్కటే ఉండె. ఒక్కటి మొయ్యచ్చు. మీ అత్త బడి కాడికి పిలిచిన దినం పొద్దున మా ఇంటికి వచ్చి ఏం మాట్లాడకుంట నా ముందట కూసున్నది. చాలాసేపు కూసున్నది. ఏం అడగలే. నాకు సమజయింది."

నీ చేతులు పోయాయి గదా అన్నాను. "చేతులదేమున్నది, అవ్వ దక్కలే" అన్నాడు. కొంతసేపటికి మళ్లీ, "తమ్మి వచ్చినప్పుడల్లా చెప్పేస్త భాయ్, ఊర్ల చెప్పేస్త అనేటోడు. వద్దంటి. నీ బిడ్డ పెండ్లి కానియ్యి అంటి. పెండ్లయినంక, మనుమలు రానియ్యి అంటి. గట్లనే అయిపోయింది" అన్నాడు.

ఆయన వెళ్లాక నేను ఈ మాటలన్నీ ఒక్కొక్కటిగా తిప్పి చూసుకున్నాను, అనుమానం అలవాటైన మనిషిని కాబట్టి. తొక్కింది మా ఆయన అన్న మాట నిజం, దానికి నా కళ్లే సాక్ష్యం. తొక్కుమన్నది తానేనని దర్జీ అన్న చెప్పిన మాట సంగతే తెలియదు. పోయిన మనిషి ఇంటికి వచ్చి, అతని భార్య ముందు కూర్చుని, సగం బరువు తన మీద వేసుకోవడం ఆయనకు కొత్త కాదు. చెప్పేస్తానని మా ఆయన నిజంగా అన్నాడా, నా కోసం ఈయన కల్పించి చెప్పాడా? ఇద్దరిలో ఒకరు లేరు, రెండోవారు ఏమి అడిగినా మన కోసమే సమాధానం చెబుతారు. ఇది నాకు ఇక తేలదు.

తేలిన మేరకైనా చెప్పాలనిపించింది. మొన్న మళ్లీ మందుల దుకాణానికి వెళ్లి, రద్దీ తగ్గేదాకా ఆగి, ఆ అబ్బాయితో చెప్పాను. నువ్వు అనే ఆ కూత దర్జీ కొట్టించలేదు నాయనా, మా ఆయన కొట్టించాడు, ఊరిని పిలవడానికే కొట్టించాడు, దర్జీ లోపలికి వెళ్లి చేతులు కాల్చుకున్నాడు అని. నెమ్మదిగా, మొదటి నుంచీ చెప్పాను. అబ్బాయి శ్రద్ధగానే విన్నాడు. ఆ బాయి ఎప్పుడో మూతపడింది, కూత ఎట్లా ఉండేదో అతనికి చెప్పవలసి వచ్చింది. అంతా విని కాస్త ఆలోచించి అడిగాడు.

"మరి మంట ఎవలు పెట్టిన్రమ్మా?"

ఎవరూ పెట్టి ఉండకపోవచ్చునన్నాను. తెలియదన్నాను.

అతను నా మాత్రలు కవరులో వేసి, కవరును చేతిలోనే ఉంచుకుని నా వైపు చూశాడు. "మీది బట్టల దుకాణమే గదమ్మా అప్పుడు? సరుకంత ముందుగల్లనే ఇంటికి తెచ్చుకున్నరని మా తాత అంటుండె."

మాత్రలు తీసుకుని వచ్చేశాను. నడుస్తూ ఆ పాత బజారు మీదుగానే వచ్చాను. ఇప్పుడక్కడ అన్నీ ఇనుప షట్టర్లు, ప్రతి షట్టరు పైన ఒక కెమెరా, ఇళ్లలో గ్యాసు పొయ్యిలు, ఎక్కడా పొగ లేదు. రేపు ఏదైనా కూత వస్తే ఎవరు ఎటు పరుగెత్తుతారో నాకు తెలియదు. పరుగెత్తినా ముందు తాళాలు వేసుకుంటారని మాత్రం తెలుసు. మమ్మల్ని దొంగలన్నది ఆ పాత ఊరే. అయినా, ఎవరి కొడుకో చిక్కుకున్నాడని విని, ఉన్నదంతా తెరిచి వదిలేసి పోయింది కూడా ఆ ఊరే. ఆ రెండింటినీ విడదీసి ఒకదాన్నే తలచుకోవడం నాకు చేతకాదు.

ఇంటికి వచ్చి కొంగుముడిలోని తాళంచెవి తీశాను. ఈ మధ్య వీధి చివరిదాకా వెళ్లినా నేనూ తాళం వేసే వెళుతున్నాను.